రెండుంపావు రేటింగ్

సోమవారం పొద్దున మాదాపూర్ ఆఫీసులో సీతారామాంజనేయులు లిఫ్ట్ ఎక్కాడంటే ఎవరో ఒక దర్శకుడికి మూడినట్టే. మెడలో ఐడీ కార్డు ఊగిపోయేలా చెయ్యి విసిరి, "రెండుంపావు! వీళ్ళకి క్లైమాక్స్ తియ్యడం చేతకాదు!" అని మండిపడతాడు. ఏ సినిమాకైనా అదే తీర్పు. నిజానికి అతను ఏ క్లైమాక్సూ చూడడు. మాల్ పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని, ఇంకో పావుగంట ఉందనగానే భార్య దేవిశ్రీని చెయ్యి పట్టుకుని లేపేస్తాడు.

మొన్న ఆదివారం ఆమె లేవలేదు. అతను విసవిసా వెళ్ళి కారులో కూర్చుని హారన్ మీద హారన్ కొట్టాడు. చివరికి ఆమె ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి కారెక్కింది.

"ఈ చెత్త కోసం ఇంతసేపా? క్లైమాక్సే లేని సినిమా!"

దేవిశ్రీ తలుపు ధడాలున వేసింది.

"ఉందండీ. పెళ్ళయ్యాక నేను చూసిన మొదటి క్లైమాక్స్ ఇదే."