జాబర్ కాక చూసిన జంతువు

జూలై 14, మంగళవారం. పొద్దటి నుంచి ముసురు. నూలు సంచులు చెమ్మ పట్టకుండా గోడకు ఎడంగా జరిపి చేతులు దులుపుకుంటుంటే కబురొచ్చింది. జాబర్ కాక పోయాడు.

మా కార్ఖానాలో మగ్గం చెడితే బాగుచేసే జాబర్ ఆయనే. నాకు పని నేర్పిందీ ఆయనే. చుట్టరికం లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు నేను రాయాలి.

మగ్గాల పనికి ఈ భివండికి రాకముందు కాక లద్దాఖ్‌లో రోడ్డు పని చేశాడు. అక్కడ ఒక జంతువును చూశానని చెప్పేవాడు. చెట్టన్నది లేని కొండ, ఎటు చూసినా బండలు. ఆ సందుల్లో ఉంటుందట. దోసిట్లో పట్టేంత ఒళ్ళు, బూడిద రంగు, గుండ్రటి చెవులు. తోక లేదు. వేసవిలో గడ్డి కొరికి తెచ్చి, ఆరబెట్టి, చలికాలానికి బండ కింద దాచుకుంటుందట.

చాయ్ తాగేటప్పుడు అందరం నవ్వేవాళ్ళం.

"అది ఎలుకనే కాకా. తోక నువ్వే తొక్కి తెంపినవేమో," అనేవాడు కండెలు చుట్టే అతను. "పోనీ కుందేలనరాదె, ఒప్పుకుంటం."

"మీరు ఒప్పుకుంటరని లేని తోక అతికియ్యాల్నా?" అనేవాడు కాక.

నవ్వు అక్కడితో ఆగలేదు. ఇరుసు అరిగింది, మగ్గం ఆపమని ఆయనంటే, "గిది గూడ తోక లేని ముచ్చటేనా?" అని నడిపేవాళ్ళు. మాట చెల్లని జాబర్‌ను ఏ సేఠ్ ఉంచుకుంటాడు? నాకది తెలుసు. తెలిసీ నవ్వాను.

నాకు బడి లేదు. ఇక్కడ నిజాంపురాలో పాత కాగితాల దుకాణంలో దొరికిన పుస్తకాలే నా చదువు. అక్కడే ఒకరోజు కొండ జంతువుల బొమ్మల పుస్తకం కనబడింది. అందులో ఉంది, తోక లేకుండా, బండ మీద కూర్చుని. కింద 'పికా' అని పేరు. తెచ్చి అందరి ముందు తెరిచాను. కండెలతను వంగి చూసి పక్కకు జరిగాడు.

కాక బొమ్మను చాలాసేపు చూశాడు.

"చెవులు చిన్నగ గీసిండ్రు. నేను చూసినదానికి ఇంక పెద్దగుంటయి."

తనను గెలిపించిన బొమ్మలోనైనా తప్పును తప్పనే చెప్పాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నానని నేను ఎక్కడైనా తలెత్తి చెప్పుకుంటాను. ఆనాటి నుంచి ఆయన ఆపమంటే మగ్గం ఆగింది.

కొన్నాళ్ళకు కండెలతనే, ఊరి నుంచి వచ్చిన బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, "కాకా, జర అదెట్లుంటదో చూపెట్టు," అన్నాడు. కాక పనికిరాని నూలు గుప్పెడు తీసి పళ్ళ మధ్య అడ్డంగా పట్టుకున్నాడు. రెండు మగ్గాల సందులో గొంతుక్కూర్చుని, ఒళ్ళు కదలకుండా, కళ్ళు మాత్రం అటొకసారి, ఇటొకసారి తిప్పాడు, బండల సందులో గడ్డి కరుచుకున్న ఆ జంతువులాగే.