ఆ సీనుకి నేను వేసిన ఈల

ఆదివారం మార్నింగ్ షో చూడటం, తర్వాత వన్ టౌన్‌లో ఓ సందు మొగలో ఉన్న టీ దుకాణం బల్ల మీద కూర్చుని ఆ సినిమాని ముక్కలు ముక్కలుగా కోయడం మా ముగ్గురికీ ఏళ్ల తరబడి అలవాటు. కొత్త సినిమా లేని వారం ఫోన్లో చూసిన సిరీస్‌ల మీద పడేవాళ్లం. మాకు రాజకీయాలు పట్టవు, క్రికెట్ పట్టదు. సినిమా ఒక్కటే.

నేను అదే వీధిలో తాళ్లూ, గొలుసులూ, ఇనుప కొక్కేలూ అమ్మే దుకాణంలో గుమస్తాని. మా గిరాకీ అంతా పడవల వాళ్లూ లారీల వాళ్లూ. రెండోవాడు తగరపువలస అవతలి పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. ఇక్కడ ఓ చిన్న ఫౌండ్రీలో కొలిమి దగ్గర పని. అందర్నీ బావా అంటాడు కాబట్టి మాకు అతనే బావ. మూడోవాడు టీ దుకాణానికి రెండు గుమ్మాల అవతల దర్జీ. తాతల నాటి నుంచీ వాళ్లది ఆ సందే. మేం భాయ్ అంటాం. సినిమా సంగతులు అన్నీ తెలిసినవాడిలా మాట్లాడతానని అతను నన్ను గురూ అనేవాడు. వెటకారంగా మొదలైన ఆ పిలుపు చివరికి నాకు పేరైపోయింది.

ఆ ఆదివారం మేం చూసింది నరుకుడు సినిమా. హీరో ఓడరేవులో పెద్ద రౌడీ. మొదటి సగంలో ఎంతమందిని చంపాడో బావ వేళ్ల మీద లెక్క పెట్టాడు, వేళ్లు చాలక మానేశాడు. గొడ్డలితో భుజాలు చీల్చాడు, గొలుసుతో మెడలు బిగించాడు, ఒకణ్ని క్రేన్ కొక్కేనికి గుచ్చి పైకి లేపాడు. చివర్లో విలన్‌ని మరుగుతున్న ఇనుములోకి తన్నాడు. వాడు అందులో మునుగుతూ చాలాసేపు అరిచాడు. హాలంతా లేచి నిలబడి కేకలు పెట్టింది.

టీలు వచ్చాయి. మొదట బావే మాట అందుకున్నాడు.

"ఆ లాస్టు సీను అబద్ధం బావ. ఇనుంలో పడినోడు అరవడు. అరవడానికి టైముండదు. మా కాడ ఒకడి కాలు జారి మోకాల్దాకా ఎల్లింది. కేకే రానేదు. నోరు తెరిసాడంతే. వాసనొచ్చింది ముందర. ఆ వాసన సినిమాలో ఎలగ సూపెడతార్లే."

తర్వాత భాయ్ నవ్వుతూ బట్టల సంగతి ఎత్తాడు. "నరికేటప్పుడు తెల్ల చొక్కా ముందర ఎర్రగయింది. తరవాత షాట్లో అదే ముందర తెల్లగుంది. రెండు చొక్కాలు కుట్టించి ఒకదానికే రంగేసారు గురూ. కాలర్ కూడా వేరే."

నాకు సినిమా నచ్చింది. నేను ఆ మాటే అన్నాను. హీరో కోపాన్ని బాగా చూపించారనీ, మగవాడి ఆవేశం అలాగే ఉంటుందనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. భాయ్ వింటూ టీ చల్లార్చుకుంటున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"పెళ్లాన్ని కొట్టిన సీనుకి నువ్వు ఈలేసినావు కదా?"

రెండో సగంలో ఆ సీనుంది. హీరో ఎవర్నో చంపి ఇంటికొస్తాడు. భార్య పోలీసులకు ఫోన్ చేస్తుంటుంది. లాగి చెంప మీద కొడతాడు. ఆమె గోడకు తగిలి పడుతుంది. కాసేపటికి లేచొచ్చి అతని కాళ్ల దగ్గరే కూర్చుంటుంది. దెబ్బ పడ్డప్పుడు హాలు ఈలలతో మోగింది.

"హాలంతా వేసింది భాయ్," అన్నాను.

"హాలు సంగతి నాకేల? నా పక్కన కూకున్నది నువ్వు."

"సినిమా అది. దాన్ని సినిమాలాగ సూడాల."

"అలాగే సూసాను. మా అబ్బా బెల్టు తీసి మా అమ్మీని కొట్టీవోడు. తలుపు సందులోంచి సూసీవోణ్ని. ఆమె ఏనాడూ లేచొచ్చి ఆయన కాళ్ల కాడ కూకోనేదు. మూల కూకుని మూడ్రోజులు కూడు మానీసీది. ఈ సీను తీసినోడికి దెబ్బంటే తెల్దు, గురూ."

ఇక్కడ ఆగి ఉంటే అదొక అభిప్రాయం. నేను ఆగలేదు. ఆడవాళ్లు రెచ్చగొడితే చెయ్యి లేస్తుందని, అదేమంత పాపం కాదని అన్నాను. భాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి నా కళ్లలోకి చూశాడు. గొంతు పెంచలేదు.

"నీకు ఆ సీను ఎందుకు నచ్చిందో నాకు తెల్సు. మీ ఇంటావిడ ఎడం చెవి సంగతి మా ఇంట్లో తెల్సు. కొలతలకొచ్చినప్పుడు ఆ పక్క నుంచి పిలిస్తే పలకనేదంట. అడిగితే ఏడ్సిందంట. రెండేళ్లయింది. నాను నీతో అననేదు, అంతే."

అతను చెప్పింది నిజం. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం దుకాణం నుంచి ఇంటికొచ్చి టీ అడిగాను. నా భార్య ఫోన్లో ఏదో సిరీస్ చూస్తోంది. "ఐదు నిమిషాలు, అయిపోతంది," అంది. ఆ రోజు యజమాని నలుగురి ముందు నన్ను తిట్టాడు. ఆ కసి అంతా అరచేతిలోకి వచ్చింది. ఫోను వెళ్లి గ్యాస్ బండ కింద పడింది. ఆమె చెవి పట్టుకుని నేల మీద కూర్చుంది. ఆ తర్వాత దాని గురించి మా ఇంట్లో ఒక్క మాట కూడా రాలేదు. రాలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాను.

భాయ్ మాట పూర్తయిందో లేదో, నేను అతని ముఖం మీద కొట్టాను. నా పిడికిట్లో టీ గ్లాసు ఉంది. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది, గాజుదో ఎముకదో తెలియదు. భాయ్ బల్ల మీద నుంచి వెనక్కి పడ్డాడు. ఎడమ కంటి కింద చర్మం తెరుచుకుంది. రక్తం చెంప మీదుగా, మెడ మీదుగా కారి చొక్కాలోకి దిగింది. నా అరచేతిలో గాజు పెంకు దిగి ఉంది. నేను దాన్ని చూసుకుంటూ నిలబడ్డాను.

సందంతా భాయ్‌ని ఎరిగినవాళ్లే. ఆటోల వాళ్లు దిగి వచ్చారు. మూటలు మోసే హమాలీలు వచ్చారు. మొదటి గుద్దు నా మెడ వెనక పడింది. ఎవరు కొట్టారో చూద్దామని తిరిగితే నోటి మీద పడింది. రెండు పళ్లు నాలుక మీదకి రాలాయి. కింద పడ్డాను. పడ్డాక అంతా కాళ్లే. చెప్పుల కాళ్లు, వట్టి కాళ్లు. డొక్కలో, వీపులో, తొడల మధ్య. ఒకడు నా జుట్టు పట్టి తల నేలకేసి కొట్టాడు. ఊపిరి అందక నోరు తెరిస్తే మురికినీళ్లు లోపలికి పోయాయి. ఏడుగురో ఎనిమిది మందో. తిరిగి ఒక్కణ్ని కూడా కొట్టలేకపోయాను. చేతులు తల మీద నుంచి తీసే ధైర్యం రాలేదు.

బావ నా మీద బోర్లా పడ్డాడు. ఎవరో ఇనుప రాడ్డు ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. చిటికెన వేలు విరిగిన చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది.

"ఒగ్గీండ్రా! సచ్చిపోతాడు, ఒగ్గీండి!" అని బావ అరుస్తున్నాడు. ఎవరూ ఒగ్గలేదు. అప్పుడు భాయ్ లేచాడు. సగం ముఖం రక్తంతో, ఒక కన్ను మూసుకుపోయి, తడుముకుంటూ గుంపులోకొచ్చి రాడ్డు పట్టుకున్నవాడి గుండెల మీద చెయ్యి వేశాడు.

"ఇది మా ముగ్గురి మజ్జన గొడవ. సినిమా గొడవ. మీరెవుళ్లు? పొండి."

గుంపులో ఎవరో నా కులం అడిగారు, ఇంకెవరో మతం పేరెత్తారు. ఆ మాటకి సందు మొగ దగ్గర మరికొంతమంది ఆగారు. భాయ్ మళ్లీ అరిచాడు. ఈసారి ఉర్దూలో, బూతులు కలిపి. జనం పలచబడ్డారు.

ఒకే ఆటోలో ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడి కానిస్టేబుల్ ఎలా జరిగిందని అడిగితే, బల్ల ఒరిగి గ్లాసు మీద పడ్డానని భాయ్ చెప్పాడు. కానిస్టేబుల్ నా పళ్లు ఊడిన నోటినీ, బావ వేలాడుతున్న వేలినీ చూసి, "ఏటి, ముగ్గురూ ఒకే గ్లాసు మీద పడిపోనారా?" అన్నాడు. అయినా అదే రాసుకున్నాడు. భాయ్ చెంప ఎముక విరిగింది. కన్ను పోలేదు గానీ చూపు ఏమవుతుందో చెప్పలేమన్నారు.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. నా భార్య తలుపు తీసి, కట్లు చూసి, పక్కకి తప్పుకుంది.

"ఎవులు కొట్టినారు?"

"సందులో జనం. నాను భాయ్‌ని కొట్టినాను."

"ఎందుకు?"

చెప్పక తప్పలేదు. ఆమె మొత్తం విని అడిగింది. "ఆయనన్నది అబద్ధమేటి?"

"కాదు."

"మరి ఆయన్ని కొట్టినావేటి?"

ఆమె నాకు మందులూ మంచినీళ్లూ మంచం పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున క్యారేజీ కట్టుకుని భాయ్ వాళ్లావిడకు తోడుగా ఆసుపత్రికి వెళ్లింది. భాయ్‌ని ఇంటికి పంపేదాకా అలా రోజూ వెళ్లింది. వచ్చాక అక్కడి సంగతి నాకు చెప్పేది కాదు.

మూడు వారాల తర్వాత విరిగిన నా పక్కటెముకలు కొంచెం కూడుకున్నాక భాయ్ దుకాణానికి వెళ్లాను. మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కంటి కింద కుట్ల గాట్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చేతిలో సూది.

"రెండుగా అవుపడతంది గురూ," అన్నాడు నన్ను చూడకుండానే. "ఒకదాన్లోకి దారం ఎట్టబోతే అది కాదు, పక్కది."

"సేతిలో గ్లాసుందని మర్సిపోనాను భాయ్," అన్నాను. ఆసుపత్రిలో బావకీ అదే చెప్పాను. ఇంట్లో అదే చెప్పాను. చెప్పి చెప్పి నేనూ నమ్మాను.

భాయ్ సూది బల్ల మీద పెట్టాడు. "మర్సిపోనేదు. కొట్టీముందు మిగిలిన టీ కింద పారబోసినావు. నాను సూసినాను."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పుల మీద పడిన టీ చుక్కల వేడి కూడా గుర్తొచ్చింది. అతని గుమ్మంలో కూర్చున్నాను. అతను మళ్లీ సూది అందుకుని దారంతో తంటాలు పడ్డాడు. చాలాసేపయ్యాక నేనే లేచి ఆ సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. అతను తీసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ మా దుకాణం తెరవక ముందు భాయ్ దగ్గరకు వెళ్లేవాణ్ని. పది పన్నెండు సూదులకు రకరకాల రంగుల దారాలు ఎక్కించి గుడ్డ దిండుకి గుచ్చి, మిషను సూదికీ ఎక్కించి వచ్చేవాణ్ని. మొదట్లో మాటలుండేవి కావు. ఒక నెల పోయాక ఒకరోజు, రాత్రి తన ఇంటావిడ ఫోన్లో పెట్టిన సిరీస్ గురించి చెప్పాడు. హంతకుడెవరో మూడో భాగంలోనే తెలిసిపోయిందట. నేను నా అభిప్రాయం చెప్పబోయి ఆగాను. "సెప్పు, కొట్టనులే," అన్నాడు. నాలుగైదు నెలలకు చూపు చాలావరకు కుదురుకుంది. తలెత్తి పైకి చూస్తే మాత్రం ఇప్పటికీ రెండుగా కనిపిస్తుందట.

బావ ఇక రాలేదు. వంకరపోయిన వేలు పట్టకార మీద సరిగా బిగియక పని మార్చుకున్నాడు. ఆదివారాలు ఫోన్ చేసి సినిమా గురించి దంచేస్తాడు గానీ, రమ్మంటే, "ఒద్దు బావ, ఫోన్లో అయితే సెయ్యందదు," అంటాడు. నవ్వుతూనే అంటాడు. రాడు.

ఆ సినిమా కొన్నాళ్లకు ఫోన్లోకి వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి నా భార్య అదే చూస్తోంది. ఆపమనలేదు. అన్నం నేనే వడ్డించుకుని పక్కన కూర్చున్నాను. ఆ సీను వచ్చింది, పోయింది. ఆమె కదల్లేదు. సినిమా అయ్యాక ఫోను కింద పెట్టి, మేం టీ దుకాణంలో మాట్లాడుకున్నట్టే మాట్లాడింది.

"ఫైట్లు బాగానే ఉన్నాయి. ఆ కొట్టిన సీనే బాగోనేదు. సెయ్యి రాకముందే ఆయమ్మి కళ్లు మూసీసింది. దెబ్బ పడతాదని తెల్సినోళ్లు మూస్తారు. తెల్నోళ్లు ఎందుకు మూస్తారు? నాను కళ్లు తెరుసుకునే ఉన్నాను. నువ్వు ఫోనియ్యమని సెయ్యి సాపినావనుకున్నాను."

నేను కంచం పక్కన పెట్టాను. "సెవి ఇప్పుడెలగుంది?" అని అడిగాను.

"ఏటి?"

నేను నెమ్మదిగా అన్నానేమో, వినబడలేదు. ఆమె ఎడమ పక్కన కూర్చున్నానని అప్పుడు గమనించాను. లేచి కుడి వైపు వచ్చి మళ్లీ అడిగాను.

ఆ వారమే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాం. కర్ణభేరి చిరిగి మానలేదన్నాడు. ఎలా అయిందని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను కొట్టానని నేనే చెప్పాను. డాక్టరు కలం ఆపి నన్ను చూశాడు, తర్వాత రాసుకున్నాడు. ఆపరేషన్ రోజు భాయ్ వాళ్లావిడ ఆమె పక్కన కూర్చుంది. నేనూ భాయ్ బయట బల్ల మీద కూర్చున్నాం. వినికిడి చాలావరకు వచ్చింది. మిగిలింది ఇక రాదన్నారు.