జ్వాల స్టీరింగ్ వదిలేసింది

2023 ఎండాకాలం. ఆత్మకూరులో మా డ్రైవింగ్ స్కూలుకు ఉదయగిరి నుంచి సునీత మేడమ్ వచ్చారు. హైస్కూల్ టీచరు. లైసెన్సు కోసం వచ్చేవాళ్ళనే చూశాను నేను. ఈమె నవల కోసం వచ్చారు.

"యాక్షన్ థ్రిల్లర్ రాసినానన్నా. ఘాట్‌లో కారు సీను నమ్మేట్టు లేదని ఎడిటర్ తిప్పి పంపినాడు. హీరోయిన్‌కు ఒక్క లోపమైనా ఉండాలంట. మార్చకపోతే అచ్చెయ్యరంట."

ఆ సీను చదివాను. జ్వాల అనే పిల్ల ఒక చేత్తో పిస్తోలు, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఘాట్ దిగుతుంది. నాకసలే నోటి దురుసు.

"ఈ తల్లి గేరు దేంతో మారుస్తాది మేడమ్, పంటితోనా?"

మేడమ్ మొహం మాడ్చుకున్నారు. "జ్వాలకు భయం లేదన్నా, అంతే!"

మేడమ్‌కూ అదే జబ్బు. బండి నేర్పుతూ ఏం చెప్పబోయినా "నాకు తెలుసులే అన్నా" అనేవారు.

నేర్పే బండ్లకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే మా సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు పెడళ్ళు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే మేమే బ్రేకు తొక్కి, చెప్పకుండా ఊరుకుంటాం. చెబితే బెదిరిపోతారని ఈ పనిలో అందరికీ ఉన్న అలవాటు. బండి తామే ఆపామని వాళ్ళు మురిసిపోతుంటారు.

కొన్నాళ్ళు నేర్చుకున్నాక, ఘాట్ చూడాల్సిందేనని మేడమ్ పట్టుబట్టారు. సీతారామపురం దాటి కొండెక్కాం. దిగుడు మొదలైంది.

"గేరు తగ్గించండి. దిగేటప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచాల."

"నాకు తెలుసులే అన్నా," అంటూ నాలుగో గేరులోనే పోనిచ్చారు. ఆమె బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. అలవాటు కొద్దీ నేనూ తొక్కుతున్నాను. కాసేపటికి కమురు వాసన కొట్టింది. మలుపు ముందు నా కాలి కింద పెడల్ మెత్తగా అడుగుకు దిగిపోయింది. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు.

"అన్నా, బ్రేకు పడట్లేదు!"

"నాకూ పడట్లేదు!"

అంతే, ఆమె స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఎదురుగా కట్టెల లారీ ఎక్కి వస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కసీట్లోంచి కుడిచేత్తో స్టీరింగ్ లాగి పట్టాను గానీ, గేరు మార్చాలంటే ఆ చెయ్యి తియ్యాలి. మర్యాద గాలికి పోయింది.

"పట్టుకో మే! జ్వాలైతే వదిలేస్తాదా?"

"వదిలేస్తాది! దానికీ భయమే అన్నా!" అని ఏడుస్తూనే స్టీరింగ్ పట్టుకున్నారు.

నేను క్లచ్ తొక్కి మూడో గేరు వేశాను, వెంటనే రెండు. ఇంజన్ గొంతు చించుకుంది. లారీ మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, "కొండవైపు తిప్పు!" అని అరిచాను. ఆమె తిప్పారు. ఎడమవైపు మట్టి కట్టను ఒరుసుకుంటూ బండి ఆగింది.

దిగి చక్రం కింద రాయి పెట్టాను. మేడమ్ రోడ్డు పక్కన కూలబడి నా వైపు చూశారు.

"నీకూ పడట్లేదన్నావే. అంటే ఇన్నాళ్ళూ బ్రేకు తొక్కింది నువ్వా?"

"చాలాసార్లు నేనే మేడమ్."

"చెప్పొచ్చు కదన్నా! నాకంతా వచ్చేసిందనుకున్నానే!" అని కడిగేశారు.

అప్పట్నుంచి నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ "ఇప్పుడు తొక్కింది నేను" అని పైకే చెబుతున్నాను. కొందరు బెదురుతారు. బెదరనీ, ఆ భయంతోనే వాళ్ళు గేరు తగ్గిస్తున్నారు.

ఆ నవల అచ్చయింది. మేడమ్ నాకో కాపీ పంపారు. ఈసారి జ్వాల ఘాట్‌లో స్టీరింగ్ వదిలేస్తుంది. ఏడుస్తుంది. ఏడుస్తూనే మళ్ళీ పట్టుకుంటుంది. చదివి మేడమ్‌కు ఫోన్ చేశాను.

"ఎట్లుండాది అన్నా?"

"ఈ పిల్ల నడిపితే ఘాట్‌కైనా వస్తా మేడమ్. ముందరి జ్వాలతో అయితే ఆత్మకూరు బస్టాండు దాకా కూడా రాను."