జలాంతర్గామికి మా సైదులు మావ పూచీ

ఎనభైల చివర నేను విశాఖలో వెల్డర్ని. అణుశక్తితో నడిచే జలాంతర్గామిని మన దేశమే సొంతంగా కట్టుకోవాలని అక్కడ గుట్టుగా పని మొదలైంది. దాని ఉక్కు అతికే పరీక్షలో నేను నెగ్గాను. ఇక చేరడమే తరువాయి అనుకుంటుంటే, ఒక గురువారం ఆఫీసులో పిలిచి ఒక కాగితం చూపించారు. మా ఊరికి విచారణకెళ్ళిన పోలీసుల రిపోర్టు. "ఈ పేరుగలవాడు ఈ ఊళ్ళో లేడు" అని ఉంది! సోమవారానికల్లా సరిచేయించుకు రాకపోతే ఇంకొకర్ని తీసుకుంటామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టి పెరిగిన ఊళ్ళో నేను లేకపోవడమేంది?

ఆ సాయంత్రమే రైలెక్కా. తెల్లారి విజయవాడలో దిగి, బస్సులో గుంటూరు చేరి, మాచర్ల ప్యాసింజరు పట్టుకున్నా. అప్పటికింకా మీటరుగేజీ బండి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు గుంటూరులోనే తినేసి ఎక్కండి. నేను ఆ పని చేయక, దారి మధ్య ఒక స్టేషనులో రెండు గారెలతో సరిపెట్టుకున్నా. అక్కడెక్కిన ఒక పెద్దాయన, "ఏం పని చేస్తావబ్బాయ్?" అన్నాడు. నిజం చెప్పకూడదని ఆఫీసులో ముందే సంతకం పెట్టించుకున్నారు. "బాయిలర్లు అతుకుతా" అన్నా. "అయితే మా రైసుమిల్లుకు రా, చానా పనుంది" అని చిరునామా కూడా చెప్పాడు!

పిడుగురాళ్ళలో దిగేసరికి ఒంటిగంట దాటింది. మాచవరం బస్సు గంటకు గానీ రాలేదు. ఊళ్ళో దిగి నేరుగా పక్కింటి సైదులు మావ దగ్గరికెళ్ళా. క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. మా నాన్న పోయాక నన్ను సాకింది ఆయనే.

"పోలీసులొచ్చారా మావా?"

"వచ్చార్రా! వాడెక్కడ, ఎట్టాంటోడు అని ఒకటే గుచ్చిగుచ్చి అడిగారు. ఏం కొట్లాట తెచ్చుకున్నావో అనుకున్నా. ఆ పేరుగలోడు మా ఊళ్ళోనే లేడని చెప్పా. వీధి వీధంతా అదే మాట మీద నిలబడింది" అన్నాడు గర్వంగా.

మా వైపు ఖాకీ బట్టలు పేరు పట్టుకుని వస్తే ఎవరూ నోరు విప్పరు. తెలిసిన సంగతే. అయినా నెత్తి కొట్టుకున్నా. "కొంప ముంచావు మావా! నా ఉద్యోగం పోతోంది. నువ్వు స్టేషనుకొచ్చి నిజం చెప్పాలి."

మావ మొహం వాడిపోయింది. వయసులో ఉండగా ఎవరిదో తగాదాలో అనుమానం మీద పట్టుకెళ్ళి మూడు రోజులు కూర్చోబెట్టారట. అప్పట్నుంచి స్టేషనున్న రోడ్డున కూడా నడవడు. "అబద్ధం చెప్పానంటే నన్ను లోపలేస్తార్రా" అన్నాడు.

లోపల్నుంచి అత్త వచ్చింది. "ఏందయ్యా, పిల్లోడి బతుకు కంటే నీ భయం ఎక్కువా?"

మావ ఆ పూట అన్నం ముట్టలేదు.

శనివారం పదింటికి స్టేషను మెట్లెక్కాం. ఎస్సై తలెత్తేలోపే మావ, "అబద్ధం చెప్పింది నేనేనయ్యా. వీడు మావోడే, నా చేతుల్లో పెరిగాడు. వీడేం తప్పు చేసినా నన్ను పట్టుకోండి" అనేశాడు. ఎస్సై కాసేపు తిట్టాడు. తిట్టి, ఇంకో కాగితం రాయించి, కింద మావ వేలిముద్ర తీసుకుని, కవరుకు సీలేసి ఇచ్చాడు.

మధ్యాహ్నం పిడుగురాళ్ళలో బండెక్కించడానికి మావ వచ్చాడు. "ఇంతకీ ఏం కడుతున్నార్రా అక్కడ?" అన్నాడు.

"బాయిలర్లు మావా."

"సరేలే, జాగ్రత్త" అన్నాడు. నాకు సిగ్గేసింది. నాకోసం స్టేషనెక్కి నిజం చెప్పిన మనిషికి మొహమ్మీదే అబద్ధం చెప్పా.

సోమవారం పొద్దున్నే పనిలో చేరా. పల్నాడు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే: అక్కడివాళ్ళు తొందరగా నోరు విప్పరు, విప్పితే మాత్రం ఆ మాటకు తలకాయ అడ్డమేస్తారు. సముద్రం అడుగున ఎంత బరువు మీద పడినా నేనేసిన అతుకు విడిపోకూడదని తిరుగు బండిలోనే పంతం పట్టా. విడిపోతే మావ మాట పోతుంది మరి.