సీలు నూనె దీపం

మంచుదేశం వెళ్ళిన దొరల వల్ల చోడవరంలో నా కూతురి పురుడు నా చేయి దాటిపోబోయిందంటే నమ్ముతారా? నమ్మండి. అసలు తప్పు దొరలది కూడా కాదు, నా నోటిది.

ఆ ఏడు మా చర్చి హాల్లో మ్యూజియం పెట్టారు. ఇంగ్లండు సంఘం దొరలు పూర్వం భూమికి ఉత్తరపు కొసన, మంచు తప్ప మట్టి కనపడని చోట సువార్త చెప్పిన కథంతా ఫొటోలూ వస్తువులూను. కుక్కలు లాగే బండి మీద గడ్డం దొర, మంచు ఇటుకల గుడి, బల్ల మీద పళ్ళెంలాంటి రాతి దీపం. ఆ దీపం దగ్గర పాస్టరమ్మగారు నన్ను నిలబెట్టారు. మా ఆయన పోయాక వినేవాళ్ళు లేక నా దగ్గర మాటలు బస్తాలకొద్దీ పేరుకున్నాయని ఆవిడకు తెలుసు. ఇది సీలు నూనె దీపం, దొర దీని వెలుగులోనే బైబిలు చదివేవాడు అని రెండు ముక్కలు నేర్పి వెళ్ళారు.

నాకు చదువు రాదు గాని, సీలు తెలియదా? గ్యాసు బండకి సీలు, మందు సీసాకి సీలు, నూనె ప్యాకెట్టుకి సీలు. ఇక చూడండి, వచ్చినవాళ్ళందరికీ దొరల శుభ్రం గురించి ఊదరగొట్టాను. నేను మంచి ఊపు మీద ఉండగా వడ్డాది నుంచి మా వియ్యపురాలు దిగింది. మా అమ్మాయికి ఏడో నెల. మొదటి పురుడు నా ఇంట్లో జరగాలని నా ఆశ. పంపేదీ లేనిదీ ఆవిడ చెప్పాలి. ఆవిడ ముందు గొప్ప పోదామని గొంతు పెంచాను.

"సీలున్న నూనే పోసేవోరు వదినా. లూజు నూనె గుమ్మం తొక్కనిచ్చేవోరు కాదు. కల్తీ కదేటి."

ఆవిడ మొహం మాడిన పెనమైంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వాళ్ళది నూనె గానుగ. వడ్డాది సంతలో కొలిచి అమ్మేదంతా లూజు నూనే.

"మాది కల్తీ అంతన్నావేటి వదినా? అయితే మీ గుంట మా కల్తీ ఇంట్లోనే పురుడు పోసుకుంటాది లే" అని వెనక్కి తిరిగింది.

నా కాళ్ళ కింద మంచు కరిగిపోయింది. పాస్టరమ్మగారు పరుగున వచ్చి, సీలంటే మూత కాదనీ, ఆ మంచుదేశపు సముద్రంలో ఈదే మీసాల జంతువనీ, దాని కొవ్వు కరిగించి నూనె తీసేవారనీ చెప్పారు. హాలంతా గొల్లుమంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వియ్యపురాలు మాత్రం ఆగి, వంగి దీపం చూసింది.

"పేకెట్టు నేదా అమ్మగారూ?"

లేదన్నారు.

"అయితే దొరలదీ లూజు నూనే" అని నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. "గుంటని ఆదివారం తీసుకెళ్ళు వదినా. తలంటుకి డబ్బాడు నూనె కూడా పంపుతాను. సీలుండదు మరి, సూసుకో."

ఆ నూనెతోనే మనవరాలికి తలంటాను. ఆ నున్నటి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా వేశాను. ఈ జన్మలో ఎవరు సీలు అన్నా, అది ఈదేదా అంటించేదా అని అడిగి తెలుసుకున్నాకే నా నోటి సీలు విప్పుతాను.