చెరకు కింద బండి దారి

మా సోషియాలజీ సార్ పోయారని మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను చీడికాడ మండలంలో ఒక గ్రామ సచివాలయంలో డ్యూటీలో ఉన్నాను. వేలిముద్ర పడని ఒక ముసలాయన వేలిని తడిగుడ్డతో తుడుస్తున్నాను. ఆయన పని అయ్యేలోపు ఫోను మోగుతూనే ఉంది. తీసి చూస్తే వరసగా దండం పెట్టే బొమ్మలు. మహానుభావుడు అని ఒకరు, దేవుడి లాంటి మనిషి అని ఇంకొకరు. వీళ్ళలో సగం మంది ఆయన క్లాసు ఎగ్గొట్టడానికి గోడ దూకినవాళ్ళే. మిగతా సగం మందిని ఆయన ఏడిపించారు. నేను ఏమీ రాయకుండా ఫోను సొరుగులో పడేశాను.

మధ్యాహ్నం మా క్లాస్ లీడర్ ఫోన్ చేశాడు.

"సంతాప సభ పెడతన్నాం. చిన్న పుస్తకం కూడా ఏస్తన్నాం. నువ్వొక వ్యాసం రాయాల."

"నేను ఆయనతో మాటాడి తొమ్మిదేళ్ళయింది," అన్నాను.

"తెలుసులే. అయినా నీకంటే బాగా ఎవులు రాస్తారు? మంచిగా నాలుగు ముక్కలు రాసీ."

మంచిగా రాయడం నావల్ల కాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. పుస్తకంలో వేస్తారో మానేస్తారో వాళ్ళ ఇష్టం. చదివేవాళ్ళకి కోపం వస్తే ఆ కోపంతో నాకు పేచీ లేదు. నాకూ కోపంగానే ఉంది.

చోడవరంలో అది ఒక ప్రైవేటు కాలేజీ. పేరు అనవసరం. నేను బీకాం చేరదామనుకున్నాను. సీట్లు అయిపోయాయన్నారు. మిగిలింది బీఏ, అందులో సోషియాలజీ. మొదటి రోజు సార్ ఒక్కొక్కరినీ లేపి ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నారని అడిగారు. నా వంతు వచ్చినప్పుడు, "గ్రూప్స్‌కి పనికొస్తాదని సార్" అన్నాను.

"ఎక్కడా పనికిరానోళ్ళందరూ ఇలగే పనికొస్తాదనే వస్తారు. కూర్చో," అన్నారు.

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను కానీ ఆ రోజంతా చెవులు మండుతూనే ఉన్నాయి.

మూడేళ్ళూ అంతే. ఆయనకి మనిషిని పేరుతో పిలవడం ఇష్టం ఉండేది కాదు. 'గోవాడ సైడు గుంట' అనేవారు నన్ను. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. నోట్సు చెప్పేవారు కాదు. ఎవరైనా చెప్పమంటే, "మీ ఇంట్లో ఆఖర్న ఎవులు తింటారో సెప్పలేనోళ్ళకి కుటుంబం మీద పది మార్కులెందుకు?" అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ విరిగిన సుద్దముక్కలు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాటిని నలిపి, ఆ చేతులే ప్యాంటుకి తుడుచుకునేవారు. బ్రేకులో స్టాఫ్ రూమ్‌కి వెళ్ళకుండా మెట్ల మీద ఒక్కరే కూర్చుని బిస్కట్లు తినేవారు. మాకు జాలి వేసేది కాదు. ఎవరితోనూ పడని మనిషి ఒక్కడే తింటాడు, అంతే అనుకునేవాళ్ళం.

ఒకసారి క్రషింగ్ సీజన్‌లో మమ్మల్ని గోవాడ షుగర్ ఫ్యాక్టరీ రోడ్డుకి తీసుకెళ్ళారు. చెరకు బళ్ళు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. "గంటసేపు ఎవులూ నోరు తెరవద్దు. సూడండి," అన్నారు. ఎండ మాడుతోంది. గంట తర్వాత ఏం చూశారని అడిగారు. ట్రాక్టర్లు, చెరకు, పొగ అని చెప్పాం.

"బండి కింద తొంగున్నది ఎవులు? హోటల్లో బల్ల దగ్గర కూకున్నది ఎవులు? నీళ్ళు ఎవులు అడుగుతున్నారు, ఎవులు మోస్తన్నారు? ఏటీ సూడలేదా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చేరా?"

ఆ మాటకి ఆయన మీద అసహ్యం వేసింది. కానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి నేను చూడడం మొదలుపెట్టాను. ఇష్టం లేకపోయినా ఇది ఒప్పుకోవాలి.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఉంటుంది. సొంత ఊరి మీద అధ్యయనం చేసి రికార్డు రాయాలి. నేను సీనియర్ అక్క రికార్డు తెచ్చి, ఊరి పేరు మార్చి, మంచి దస్తూరీతో దించేశాను. అందరూ అదే చేశారు. సార్ నా రికార్డు తీసి క్లాసు ముందు చదివారు.

"'ఈ గ్రామానికి తూర్పున నది ప్రవహించుచున్నది.' ఏమ్మా, మీ ఊరికి నది ఎప్పుడొచ్చింది? నిన్నా, మొన్నా?"

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. రికార్డు నా బెంచీ మీద పడేసి, "మీ ఊర్లో మనుషుల్లేరా? ఎళ్ళి సూసి రా. మనుషులు కాపోతే దారులు సూడు. ఎవులు ఏ దారంట నడుస్తారో, ఏ దారంట నడవరో రాసి తే," అన్నారు.

ఏడుపూ కసీ కలిసి వచ్చాయి. చూపిస్తాను ఇతనికి అనుకున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మా నాన్న చెరకు రైతు, ఊర్లో మాట చెల్లే మనిషి. ఆయన కూతురిని కాబట్టి అందరూ కుర్చీ వేసేవారు, టీ ఇచ్చేవారు, ఏ నిజమూ చెప్పేవారు కాదు.

ఊరి వెనకాల చెరకు కొట్టే కూలీల వీధి ఉంది. అక్కడ పైడితల్లి ఉండేది. అయిదో తరగతి దాకా నాతో చదువుకుంది. నేను వెళ్ళేసరికి చంటిపిల్లకి నీళ్ళు పోస్తోంది.

"ఏటమ్మా, ఇలగొచ్చేవు?" అంది. చిన్నప్పుడు నన్ను అమ్మా అనేది కాదు.

ఊరి దారుల గురించి రాస్తున్నానని చెప్పాను. ఆమె పిల్లని తువ్వాలులో చుట్టి లేచింది.

"మా దారి సంగతి నన్నడగతావేటి? మీ నాన్ననే అడుగు."

"ఏ దారి?"

"మా తాతల కాడ్నించీ ఉన్న బండి దారి. ఇప్పుడు మీ చెరకు కింద ఉన్నాది. ఈ గుంట ఎక్కడ పుట్టిందో తెలుసా? కాలవ గట్టు మీద. ఆటో ఇటు రాలేదు. నొప్పులొస్తా ఉంటే నన్ను గట్టంట నడిపించుకు పోనారు. సగం దూరం కూడా ఎళ్ళలేదు."

ఆ చెరకు మడిని నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. అది మా మడి అని తప్ప ఇంకేమీ నాకు తెలియదు. ఆ వారం పదిమంది ముసలివాళ్ళని అడిగాను. ఎక్కడ మలుపు, ఎక్కడ రాళ్ళు పాతి ఉండేవి, ఏ సంవత్సరం మా నాన్న దున్నించి చెరకు వేశాడు, అన్నీ చెప్పారు. చెబుతున్నంతసేపూ మా ఇంటివైపు చూస్తూనే చెప్పారు. నేను ఊరి పటం గీశాను. ఆ దారిని మా మడి మధ్యలోంచి చుక్కల గీతతో గీశాను.

రికార్డు ఇచ్చిన మర్నాడు సార్ నన్ను మెట్ల దగ్గర ఆపారు. వెటకారం ఏమీ చెయ్యలేదు. పటం ఉన్న పేజీ తీసి, "ఇదీ సదువంటే," అన్నారు. మూడేళ్ళలో అదొక్కటే మంచి మాట. ఆ రోజు బస్సులో నించునే వెళ్ళాను. అయినా కాళ్ళ నొప్పి తెలియలేదు.

నాలుగు రోజులకి మా నాన్న కాలేజీకి వచ్చాడు. వెనకాల ఇద్దరు పెద్దమనుషులు. మా ఊరివాడే ఒకాయన కాలేజీ ఆఫీసులో పనిచేసేవాడు. అతని ద్వారా విషయం చేరింది. నన్ను ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. సార్ అప్పటికే గోడవారన నిలబడి ఉన్నారు. రికార్డు బల్ల మీద తెరిచి ఉంది.

"నా కూతురు సేత నా మీదే రాయిస్తారేటండీ?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే భయం. "ఇదేటి సదువు? ఊర్లో తగువులెట్టడానికా మా గుంటల్ని ఇక్కడికి పంపించేది?"

ప్రిన్సిపాల్ సార్ వైపు చూశారు. అది వేసవి ముందు. ఏటా ఆ రోజుల్లోనే పై ఏడాదికి ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపించాలో యాజమాన్యం తేల్చేది. సార్ ఉద్యోగం పర్మనెంటు కాదు. అది మా అందరికీ తెలుసు.

నేను సార్ నోటికేసి చూస్తున్నాను. ఆ నోటికి ఎదురులేదని మూడేళ్ళూ విన్నాను కదా. ఇప్పుడు మా నాన్నని కడిగేస్తారని, నదీ గిదీ అని ఏదో అంటారని ఎదురుచూశాను.

"నేను రాయమనలేదండి," అన్నారు సార్. "ఆ అమ్మాయి సొంతంగా రాసింది. తప్పులున్నాయని ముందే సెప్పేను."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. అందరూ చూస్తుండగా నా పటం మీద ఆ మూల నుంచి ఈ మూలకి గీత కొట్టారు. కింద 'తప్పు' అని రాశారు. గుండ్రటి అక్షరాలు, ఎప్పటిలాగే.

నేను నోరు తెరవలేదు. తెరిచి ఉండాల్సింది. ఇన్నేళ్ళ కోపంలో కొంత నా మీద కూడా.

డ్వాక్రా సంఘాల మీద వేరే రికార్డు వారంలో రాసివ్వమన్నారు. గైడు చూసి అక్షరం మార్చకుండా దించాను. కావాలనే తూర్పున నది ప్రవహించుచున్నదని మళ్ళీ రాశాను. సార్ చదవకుండా సంతకం పెట్టారు. చదివే పెట్టారేమో కూడా తెలియదు. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది.

ఇంట్లో నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, నా వైపు చూడకుండా. అమ్మ మటుకు, "నీకెందుకే అయ్యన్నీ? కడుపు నిండిన బేరమేటి?" అని రోజూ సణిగేది.

ఆఖరి పరీక్ష రోజు సార్ బస్టాండులో నా దగ్గరికి వచ్చారు. ఎండకి ముఖం కమిలి ఉంది.

"అమ్మాయ్, నాకు ఇద్దరు ఆడపిల్లలు," అన్నారు.

నేను అటు తిరిగి నిలబడ్డాను. అనకాపల్లి బస్సు వచ్చింది. నాది కాకపోయినా ఎక్కేశాను. అదే ఆయనని చివరిసారి చూడడం. ఆ తర్వాత రెండేళ్ళకి కాలేజీలో సోషియాలజీ ఎత్తేశారట. సార్‌ని ఉంచలేదు. ఆ గీత కొట్టి ఆయన దక్కించుకున్నది ఆ రెండేళ్ళే. ఈ కబురు విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పడం ఎందుకు?

మొన్నామధ్య భూముల కొలతలకి సర్వేయర్లు మా ఊరు వచ్చారు. పైడితల్లి, వాళ్ళ వీధివాళ్ళు దారి కోసం అర్జీ పెట్టారు. ఆమె నాకు ఫోన్ చేసింది.

"నువ్వు రాసిన కాయితాలు ఉన్నాయా, తగలెట్టేసేవా?"

రికార్డు కాలేజీలోనే పోయింది. ముసలివాళ్ళు చెప్పింది రాసుకున్న చిత్తు పుస్తకం మాత్రం నా ట్రంకు పెట్టెలో ఉంది. అప్పుడు చెప్పినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. కొలతల రోజు సెలవు పెట్టి వెళ్ళాను. మా నాన్న గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు. ఆయన ఎదురుగానే పుస్తకం తెరిచి, రాళ్ళు ఎక్కడుండేవో చదివాను. రెండు చోట్ల తవ్వితే ఒక చోట రాయి దొరికింది. పాత సర్వే పటంలోనూ దారి ఉందని సర్వేయరు తేల్చాడు. చెరకు నరికాక దారిలో మూడొంతులు వదిలారు. మిగతాది ఇంకా తగువులోనే ఉంది. నాకు ఉద్యోగం వచ్చాక మాటలు కలిపిన నాన్న, నాతో మాట్లాడడం మళ్ళీ మానేశాడు. ఈసారి మొదలుపెడతాడని నేను అనుకోవడం లేదు.

దారి తెరిచారని సార్‌కి చెప్పాలనిపించిందా అని మీరు అడగొచ్చు. అనిపించింది. ఫోన్ నంబరు కూడా సంపాదించాను. చెయ్యలేదు. ఆయనకి ఆ సంతోషం ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పుడు ఆ నంబరు ఎవరు ఎత్తుతారో తెలియదు.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. చోడవరంలోనే, రెండు గదుల అద్దె ఇల్లు. పరామర్శకి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నమ్మాయి చాప మీద కూర్చుని ఉంది. డిగ్రీ చదువుతోందట. సార్ భార్య నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళారు.

"మీరు నాన్న స్టూడెంటా అక్కా? క్లాసులో ఎలగుండేవారు?" అని అడిగింది ఆ పిల్ల.

"చాలా చెడ్డగా మాటాడేవారు," అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయి, ఫక్కున నవ్వింది. "ఇంట్లోనూ అంతే అక్కా. పది రోజులుగా అందరూ దేవుడు, దేవుడంటన్నారు. ఎవరి గురించి సెప్తన్నారో అనిపిస్తంది."

తర్వాత నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. "మీకు ఆయన మీద కోపమా?"

"కోపమే."

"ఇంకానా?"

"ఇంకానే."

ఆ పిల్ల చాప మీద పక్కకి జరిగింది. "కూకోండక్కా. ఏటయిందో సెప్పండి," అంది.

కూర్చున్నాను. మా ఊరి పేరుతో మొదలుపెట్టాను. ఊరి పేరు వినగానే వంటగది గుమ్మంలో సార్ భార్య ఆగిపోయారు. ఇవతలికి రాలేదు, లోపలికి వెళ్ళలేదు. చేతిలో స్టీలు గ్లాసు పక్కకి వాలింది. నీళ్ళు సన్నగా కారి ఆవిడ పాదాల మీద పడుతున్నాయి. ఆవిడ చూసుకోలేదు. నేను చెబుతూనే ఉన్నాను.