చివరిదాకా విన్న మాట

వజ్రకరూరులో ఐజాక్ దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే పండగకు చాలా ముందే గుడ్డ ఇవ్వాల్సి వచ్చేది. ఒకసారి టేపు పట్టాడంటే భుజం, చేయి, నడుము అన్నీ అతని మనసులో నిలిచిపోయేవి.

ఒక వానాకాలం అతనికి జబ్బు చేసింది. వాన పడగానే ఆ ఊరి చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో తలలు వంచుకుని తిరుగుతారు. వాళ్లంతా తన కోసమే వెతుకుతున్నారని ఐజాక్ నమ్మాడు. నీ జాడ చెబుతున్నది నీ భార్యేనని చెవిలో గొంతులు పోరుపెట్టాయి. ఒక పగలంతా భార్య కృపాకుమారిని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. ఆమె అన్నలు వచ్చి తలుపు తీయించి, ఆమెనూ చంటిబిడ్డనూ గుంతకల్లు తీసుకుపోయారు.

డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు. మాత్రలతో గొంతులు సద్దుమణిగాయి. కానీ బుర్ర మునుపటిలా లేదు. ఛాతీ కొలత రాసేలోగా నడుము కొలత పోయేది. ఎవరైనా పలకరిస్తే, వాళ్ల మాట చివరికొచ్చేసరికి మొదలు జారిపోయేది. జవాబు కోసం తడుముకుంటుంటే ఎదుటివాళ్లు కాసేపు చూసి లేచిపోయేవాళ్లు. కొన్నాళ్లకు పలకరించడమే మానేశారు. అక్క చిన్నక్క మాత్రం పొద్దున్నే కూలికి పోతూ సంగటి గిన్నె గడపలో పెట్టి పోయేది.

కొన్నేళ్లకు, గుంతకల్లులో ఒక ట్రస్టువాళ్లు ఇలాంటివాళ్లకు కంప్యూటరు మీద సాధన చేయిస్తున్నారని విని, చిన్నక్కే అతన్ని బస్సెక్కించి తీసుకుపోయింది. అక్కడ పద్మప్రియ అనే అమ్మాయి నేర్పేది.

"దీంతో జబ్బు పోదన్నా. మాత్రలు వేసుకోవాల్సిందే. ధ్యాస, గుర్తు కొంచెం నిలబడతాయి, అంతే" అని ఆమె ముందే చెప్పింది.

హెడ్‌ఫోన్లలో రెండు కూతలు వినిపించేవి. ఏ కూత స్వరం పైకి పోయిందో, ఏది కిందికి దిగిందో చెప్పాలి. తర్వాత తెర మీద బొమ్మలు వచ్చి మాయమయ్యేవి. ఏది ఎక్కడుండిందో గుర్తు పెట్టుకోవాలి. మొదట్లో అన్నీ తప్పులే.

"ఇంగ నాతో కాదమ్మా" అని లేచాడు ఐజాక్. ఆమె వేగం తగ్గించి మళ్లీ కూర్చోబెట్టింది.

గదిలో అతనిలాంటివాళ్లు ఇంకొందరు ఉండేవారు. అందరి మొహాలూ తెరలవైపే. జవాబు సరైనదైతే కంప్యూటరు 'శభాష్' అనేది. ఆ ఒక్క మాట తప్ప మరో మంచి మాట వినని రోజులు అతనికి చాలా ఉన్నాయి.

నెలలు గడిచాక, బస్సులో ఎవరో బోరు ఎండిపోయిన సంగతి చెప్పుకుంటుంటే తను మొత్తం వినగలిగానని గమనించాడు. ఆ రోజే సాధన అయ్యాక కృపాకుమారి ఇంటికి నడిచి వెళ్లాడు. ఆమె గడపలోనే నిలబడింది.

"ఎవరితో వచ్చినావు?"

"ఒక్కన్నే వచ్చినా. ఇప్పుడు బాగుండాది నాకు. పాప యాడుండాది?"

"స్కూలుకు పోయింది. మాత్రలు మింగుతాండావా?"

"మింగుతాండా."

ఆమె నెమ్మదిగా చెప్పింది. "నీ మీద కోపం లేదు. అది జబ్బు చేసిన పని అని నాకు తెలుసు. అయినా గొళ్లెం చప్పుడైతే ఇప్పటికీ గుండె అదురుతాది. నేను మళ్లా ఆ ఇంటికి రాలేను. పాపను చూడాలంటే ఆదివారం చర్చికి రా."

ఐజాక్ అంతా విన్నాడు. ఒక్క మాటా జారిపోలేదు. ఎప్పుడో ఆమె ఇదే మాట ఫోనులో చెప్పినప్పుడు అతనికి సగమే అందింది. మిగతా సగం తనే మంచిగా ఊహించుకుని ఇన్నాళ్లూ ఎదురుచూశాడు.

"అర్థమైంది" అన్నాడు. ఆమె నీళ్లు తెచ్చిస్తే తాగి, చెంబు తిరిగిచ్చి, బస్టాండుకు నడిచాడు.

తర్వాత కొన్నాళ్లు అతను సాధన కేంద్రానికి పోలేదు. పద్మప్రియ ఫోను చేసింది. అతను "చూస్తాలేమ్మా" అని పెట్టేశాడు. చిన్నక్క అడిగితే జరిగింది చెప్పాడు. ఆమె పక్కన కూర్చుని, "పాపనన్నా చూసుకో పోప్పా" అంది.

ఆదివారం చర్చి వాకిట్లో పాప తల్లి చేయి పట్టుకుని నిలబడి తన పేరు చెప్పింది, తరగతి చెప్పింది. అంతలో స్నేహితురాలు పిలిస్తే పరుగెత్తింది. ప్రార్థన అయ్యాక జనం ఎవరి మనుషులతో వాళ్లు వెళ్లిపోయారు. ఐజాక్ ఒక్కడే వజ్రకరూరు బస్సెక్కాడు. మరుసటి వారం సాధనకూ పోయాడు, ఆదివారం చర్చికీ పోయాడు.